బతికున్నవాడి పేరు

సముద్రానికి కూడా పేర్లు పెడతారా అని ఎవరైనా అడిగితే, పెడతారు మరి, ఎందుకు పెట్టరు! భావనపాడు దాటి కాస్త ముందుకెళితే ఇసుక మీద ఓ చిన్న పేట ఉంది. అక్కడి జాలరులకి సముద్రమంటే ఒట్టి నీళ్లు కాదు. అడుగున అక్కడక్కడా రాతిగుట్టలుంటాయి, వాటిని పారులంటారు. రాయి ఉన్నచోట నాచు, నాచు ఉన్నచోట చేప. ఒడ్డున కనిపించే కొబ్బరితోట కొసనీ, దాని వెనక మహేంద్రగిరి మొననీ ఒక గీతలోకి తెచ్చుకుని, "ఇదిగో, ఇక్కడే" అని వల దింపుతారు. ఆ చోటు ముందుగా ఎవడు కనిపెడితే ఆ పారుకి వాడి పేరే. కాకపోతే ఒక కట్టుబాటుంది. వాడు పోయాకే ఆ పేరు పెడతారు. బతికున్నవాడి పేరు నీళ్లకి పెడితే, నీళ్లు వాణ్ణి పిలుచుకుంటాయట.

ఉషారాణి ఈ మాట చిన్నప్పుడు విని భయపడింది, పెద్దయ్యాక విని నవ్వింది, హైదరాబాదు వెళ్లాక మరిచేపోయింది. ఆ మరుపు ఎంత దూరం తీసుకెళ్లిందో రెండు వేల ఏడు దసరా సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు తెలిసింది.

ఆ పిల్ల పేటలో గోవిందు, నీలమ్మల కూతురు. గోవిందు వేటకెళతాడు. నీలమ్మ తెల్లారేసరికి చేపల తట్ట ఆటోలో పడేసి, ఉద్దానం ఊళ్లమ్మట తిరిగి అమ్ముకొస్తుంది. వీళ్లమ్మాయి యూనివర్సిటీలో చేరి, కంప్యూటరుకి మనుషుల భాష నేర్పే విద్యలో పరిశోధన చేస్తోంది. "కంప్యూటరుకి మాటలు నేరపడమేటే? నీకే ఇంకా పెద్దోలతో తిన్నగా మాటాడ్డం రాదు" అంటుంది నీలమ్మ. అంటుందే గానీ, తట్ట దింపిన ప్రతి గుమ్మంలోనూ కూతురి గురించి చెప్పకుండా చేప తూచదు.

ఆ విద్య చదివినవాళ్లంతా ఏటేటా ఒకచోట చేరతారు. కాన్ఫరెన్సు అంటారు దాన్ని. ఎవరేం కనిపెట్టారో పేపరు రాసి పదిమందికీ చూపిస్తారు. ఒకరి పేపరు మరొకరికి పనికొస్తే, ఫలానావాళ్లు చెప్పారని అందులో పేరు రాస్తారు. ఉష పరిశోధన ఆ సభ మీదే. పదేళ్ల పేపర్లు పోగేసి, ఏ విషయం పైకి తేలింది, ఏది మునిగింది, ఎవరి పేరు ఎన్నాళ్లు నిలిచింది అని చూడటం ఆమె పని. ఒకప్పుడు వ్యాకరణ సూత్రాలు చేత్తో రాసి కంప్యూటరుకి ఎక్కించేవాళ్లదే సభంతా. తరవాత కుప్పలకొద్దీ రాతలు దాని ముందు పోసి, నువ్వే నేర్చుకో తల్లీ అని వదిలేసే పద్ధతి వచ్చింది. అందరూ అటు పరిగెత్తారు. తెలుగులాంటి భాషల మీద కూడా పేపర్లు వస్తూనే ఉన్నాయి, కానీ మళ్లీ ఎవరూ వాటి పేరెత్తరు. అన్నిటికంటే చిత్రం, పనిముట్లు చేసిపెట్టినవాళ్ల సంగతి. వాళ్ల ప్రోగ్రాములు అందరూ వాడతారు, వాళ్ల పేర్లు ఎవరూ రాయరు.

ఈ చివరి సంగతి బయటపెట్టిన పేపరు ఉషది. సభవాళ్లు తీసుకున్నారు. సభ జనవరిలో హైదరాబాదులోనే. సరిదిద్దిన ఆఖరి ప్రతి శనివారం సాయంత్రం లోపల పంపాలి. బుధవారం పొద్దున్న ఉష ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, కాళ్ల దగ్గర సందువ చేపల తట్టతో, తల్లి పక్కన ఆటోలో కూచుని ఉద్దానం బయల్దేరింది. చేపల నీళ్లు తగలకుండా లాప్‌టాప్‌ని పసిపిల్లలా పైకెత్తి పట్టుకుంది. ఆటోవాడు అద్దంలో చూసి నవ్వుకున్నాడు.

వాన వెలిసిన ఉదయం. ఎర్రమట్టి దారి, రెండు పక్కలా జీడిచెట్లు, వాటి మీద కొబ్బరిచెట్లు. ఎండ ఆకుల్లోంచి జారి, నీళ్లడుగున కదిలే వెలుగులా ఒళ్లంతా పాకుతూ ఉంది. ఉషకి రెప్పలు బరువెక్కాయి. ఆ సగం నిద్రలో సభ హాలు సముద్రంలా కనిపించింది. పేపర్లన్నీ తెల్లగా తేలుతున్నాయి. ఎవరో ఒడ్డు నుంచి పేర్లు పిలుస్తున్నారు. పిలిచిన పేపరు కాస్త పైకి లేస్తోంది, పిలవనిది మెల్లగా తడిసి కిందకి పోతోంది. వాటిల్లో తనది ఏదో చూసుకుందామని వంగితే, "లేయే, దిగాల" అని తల్లి మోచేత్తో పొడిచింది.

దిగింది సుభద్ర ఇంటి ముందు. సుభద్ర వాళ్లది కొబ్బరి, జీడి తోటల కాపు కుటుంబం. నీలమ్మ ఎన్నో ఏళ్లుగా ఆ ఇంట్లో చేపలు పోస్తోంది. ఒకరినొకరు అప్పా, సెల్లీ అని పిలుచుకుంటారు. సుభద్ర కొడుకు సునీల్ హైదరాబాదులో కంప్యూటర్లు చదువుతున్నాడని విన్నాకే, నీలమ్మ తన కూతుర్నీ అటు పంపింది. అదే యూనివర్సిటీ, అదే గది, అదే గైడు. ఉష చేరేనాటికి సునీల్ రెండేళ్లు సీనియరు. పేపర్ల చివర ఉండే పేర్లన్నీ ఏరి, ఎవరు ఎవర్ని తలుచుకున్నారో గీతలు గీసి చూపించే ప్రోగ్రాము రాసింది అతనే. ఉష పేపరుకి ప్రాణం ఆ ప్రోగ్రామే.

రాస్తూ రాస్తూ ఉండగా కాళ్లు వాచాయి. ఉద్దానంలో కాళ్లు వాస్తే ఎవరూ ఎందుకని అడగరు. కిడ్నీలు. చదువు మానేసి ఇంటికొచ్చాడు. వారానికి రెండుసార్లు పలాసలో రైలెక్కి డయాలిసిస్‌కి విశాఖపట్నం వెళ్లొస్తాడు. ఒక్క పేపరన్నా అచ్చు కాకముందే అతని పరిశోధన అటకెక్కింది.

సునీల్ తోటలో నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. ముందురోజే విశాఖ నుంచి వచ్చాడేమో, మాట నిద్రలోంచి వస్తున్నట్టు ఉంది.

"వచ్చావా ఉషా. రాత్రి నీ గీతలన్నీ కల్లోకొచ్చినాయి. ఒక దాన్ని పట్టుకు లాగితే పదేళ్లూ కదిలిపోయినాయి."

"అన్నా, రెండు సంవత్సరాల పేపర్ల దగ్గర నీ ప్రోగ్రాము ఆగిపోతోంది. ఎంత చూసినా దొరకలేదు."

"తే, సూద్దాం."

తలకింద దిండు నిలువుగా పెట్టుకుని చూశాడు. పది నిమిషాలు చూస్తాడు, కళ్లు మూసుకుంటాడు, మళ్లీ చూస్తాడు. మధ్యలో సుభద్ర వచ్చి గ్లాసులో నాలుగు గుక్కల నీళ్లు ఇచ్చి వెళ్లింది. అంతకంటే తాగకూడదు. చుట్టూ కొబ్బరితోట, చేతికందే ఎత్తులో గెలలు, పిల్లాడు కొబ్బరినీళ్లు ముట్టకూడదు. ఆ తల్లి ఆ చెట్ల వంక చూడటం మానేసి చాలాకాలమైంది.

మధ్యాహ్నానికి తప్పు దొరికింది. గీతలు కదిలాయి. అప్పుడు ఉష సంతోషం పట్టలేక గైడుగారి ఈమెయిలు సంగతి చెప్పింది. "అన్నా, పేపరు మీద సార్ పేరు, నా పేరు ఉంటాయి. ఈ ప్రోగ్రాముకి సునీల్ అని నీ పేరే పెట్టమన్నారు. ఇకమీద ఎవరు వాడినా సునీల్ వాడాం అని రాయాల్సిందే. నీ పేరు ఎప్పటికీ ఉండిపోతుంది."

సునీల్ ఆకుల్లోకి చూస్తూ, "ఎప్పటికీనా" అన్నాడు. కాసేపటికి, "మంచిదేలే" అని కళ్లు మూసుకున్నాడు. అలసిపోయాడనుకుంది ఉష.

సాయంత్రం ఇంట్లో చేపల పులుసు దగ్గర ఈ మాట తల్లితో అంది. అంతే, నీలమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఓలమ్మో! బతికున్నోడి పేరు ఎట్టేత్తావేటే? నీకు మతి గానీ పోనాదేటి?"

"అమ్మా, అది పారు కాదే. ప్రోగ్రాము."

"ఏదైతే ఏటి? ఆడు కనిపెట్టినాడు, ఆడి పేరెట్టేసి, ఆడు నేకండానే అందరూ వాడుకుంతారు. పారు కాక మరేటది? మన తాతారావు మావకి ఏటయినాదో తెల్దా నీకు? ముచ్చటపడి కుర్రోలు ఆడు బతికుండగానే తాతారావు పారు అనీసినారు. ఆ వానాకాలం దాటనేదు. మీ అయ్య కనిపెట్టిన పారుని ఈ రోజుకీ కొత్త పారు అనే అంతన్నారు, ఎందుకనుకున్నావు?"

"తాతారావు తాత తుఫానులో పోయాడమ్మా. పేరు వల్ల కాదు."

"తుఫాను ఒక్కడికే వొచ్చినాదేటి? సదువుకున్నావని నోరు లేస్తే సరా? ఆ బిడ్డ అసలే పేనాలు అరసేతిలో ఎట్టుకోనున్నాడు!"

ఉష నవ్వింది. నవ్వకుండా ఉండాల్సింది. నీలమ్మకి నవ్వు మీద కోపం, కోపం మీద భయం. మర్నాడు పొద్దున్నే తట్ట ఎత్తుకుని, మిగతా గుమ్మాలన్నీ వదిలేసి తిన్నగా సుభద్ర ఇంటికి పోయి, చేపలకంటే ముందు ఈ వార్త దింపింది. కడుపులో ఏదీ దాచుకోదు ఆవిడ, దాచుకుంటే అరగదు.

తోటలవాళ్లకి సముద్రం కట్టుబాట్లు లేవు. కానీ మంచాన పడ్డ కొడుకున్న తల్లికి ప్రపంచంలో ఉన్న భయాలన్నీ తనవే. గురువారం మధ్యాహ్నం ఉష వెళ్లేసరికి సుభద్ర గుమ్మంలోనే ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"తల్లీ, నీకు దండవెడతాను. మావోడి పేరు దానికెట్టకమ్మా."

"పెద్దమ్మా, మా అమ్మ చెప్పింది మూఢనమ్మకం. అన్న పడిన కష్టానికి గుర్తింపు ఇది."

"మూడమో, కాదో నాకు తెల్దు. అన్నీ సేసినాను. మొక్కినాను, మానీసినాను. ఈ ఒక్కటీ కూడా సేసేత్తే పోయేదేటి? పేరు లేకపోతే లేకపోయినాది, మనిషుంటే సాలు నాకు."

ఉషకి ఏడుపొచ్చినంత పనైంది. పేరు లేకుండా పేపరు పంపడమంటే, అందరి పనిముట్లూ వాడి ఎవరి పేరూ రాయని వాళ్ల వరసలో తనూ నిలబడటమే. అందులోనూ ఆ వరసని ఎత్తిచూపించే పేపరులోనే! పేరు పెడితే ఈ తల్లి మళ్లీ నిద్రపోదు. అతనికి రేపేమైనా అయితే, నువ్వే చేశావని అనకపోయినా అనుకుంటుంది. కాదు, అంతకంటే ఘోరం, నేనే చేశానని తనే అనుకుంటుంది.

"అమ్మా, నువ్వు లోపలికెల్లు" అని మంచం మీంచి సునీల్ పిలిచాడు. అంతా విన్నాడన్నమాట. ఉష వెళ్లి పక్కన పీట మీద కూచుంది.

"నువ్వేమంటావన్నా? నీ పేరు, నీ ఇష్టం."

తోట చివర ఎవరో కాయలు దింపుతున్నారు. ఒక్కో కాయ పడ్డ చప్పుడు నేలలోంచి వచ్చి మంచం కోళ్లకి తగులుతోంది.

"మీ అమ్మ మాట నిజమని కాదు ఉషా. గానీ సార్ రాసిన ఆ వాక్యం నిన్న నీ లాప్‌టాప్‌లో సదివినాను. కింద సిన్న అక్షరాల్లో, ఈ ప్రోగ్రాముకి మా పూర్వ విద్యార్థి సునీల్ పేరు పెట్టాం అని. అది సదివితే నాకెలగున్నదో తెలుసా? నా ఫోటోకి దండేసేసి, అగరొత్తి ఎలిగించినట్టున్నది. నాను ఇక్కడే ఉన్నాను కదా. నిన్నే కదా తప్పు దిద్దినాను."

ఉషకి సిగ్గేసింది. తను సంబరంగా మోసుకొచ్చింది దండ అని అప్పటిదాకా తెలియలేదు.

"అలాగని తీసేయకు" అన్నాడు సునీల్ మళ్లీ, ఇంకా మెల్లగా. "అదీ లేకపోతే నాను సేసిందేదీ లేనట్టే. ఏటి సేయాలో నాకూ తెలీటం లేదు." అలా అంటూనే నిద్రలోకి జారిపోయాడు.

శుక్రవారం సాయంత్రం ఉష ఇంట్లో ఉండలేక ఒడ్డుకి పోయింది. పడవలు వచ్చాయి. వల దులిపి, చేపలు కుప్పపోసి, గోవిందు వాటాలు వేస్తున్నాడు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. పడవకో వాటా, వలకో వాటా, తరవాత పడవలో మనుషులకి. గోవిందు ఒక్కొక్క పేరూ గట్టిగా పిలుస్తూ కుప్ప పెడుతున్నాడు. నీరెండలో చేపల పొట్టలు మెరుస్తున్నాయి, ఆ పేర్లు గాలిలో కాసేపు నిలిచి అలల్లోకి పోతున్నాయి. చివరికి గోవిందు "మణిదీపూ!" అని పిలిచి ఇంకో కుప్ప పెట్టాడు. ఎవరూ పలకలేదు.

"మణిదీప్ వేటకి రాలేదు కదా నాన్నా?" అంది ఉష.

"ఎలగొత్తాడు? కాలిరిగి ఇంటికాడున్నాడు గదా, రెండు నెల్లయినాది."

"మరి వాటా?"

గోవిందు కూతుర్ని ఎగాదిగా చూశాడు. "ఆడు మా పడవోడు గదేటి. పడవోడి పేరు పిలవకండా వాటా ఎలగేత్తాం? నీకేటయినాదే, హైదరాబాదు నీల్లు తాగి మన సంగతులన్నీ మరిసిపోనావు!"

ఉష తడి ఇసుకలో అలాగే కూచుండిపోయింది. బతికున్నవాడి పేరు నీళ్లకి పెట్టకూడదు. కానీ పడవలో ఉన్నవాడి పేరు రోజూ పిలుస్తారు, మంచాన ఉన్నా పిలుస్తారు. ఇంత తేలికైన సంగతి తట్టనందుకు తన నెత్తి మీద తనే మొట్టుకుంది. ప్రోగ్రాముకి పేరు పెట్టడం కాదు చేయాల్సింది. పేపరు పైన, రాసినవాళ్ల పేర్లలో, మొదటి పేరు సునీల్‌ది కావాలి. అది దయ కాదు, వాటా.

మరి గైడుగారు ఒప్పుకోవాలి కదా? ఆయనకి చెప్పకుండా పంపడానికి లేదు. ఆయన సంతకం లేకపోతే ఉషకి వచ్చే ఏడు ఫెలోషిప్పు లేదు. ఫెలోషిప్పు లేకపోతే హాస్టలు లేదు, హాస్టలు లేకపోతే తల్లి పక్కన తట్ట ఎత్తుకోవడమే. ఆ రాత్రంతా ఇదే ఆలోచిస్తూ పడుకుంది, తెల్లారాక బస్సెక్కి పలాస వెళ్లింది.

పలాస ఊరంతా జీడిపిక్కలు కాల్చిన వాసన. కాశీబుగ్గలో నెట్ సెంటరు మెట్లెక్కుతుంటే కూడా ఆ వాసనే వెంట వచ్చింది. లోపల నాలుగు కంప్యూటర్లు, వాటిల్లో రెండు పనిచేస్తాయి. కరెంటు పోయి వచ్చి, వచ్చి పోయి, మధ్యాహ్నం మూడింటికి నిలబడింది. ఉష గైడుగారికి ఫోన్ చేసింది.

"ఫస్ట్ ఆథర్ సునీలా?" ఆయన గొంతులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ. "డిస్‌కంటిన్యూ అయిన విద్యార్థి అమ్మా అతను. అతని పేరుంటే డిపార్ట్‌మెంటుకి లెక్కలోకి రాదు. మొదటి పేరు పోతే నీకూ సగం విలువే. అతని మీద జాలి ఉంటే ఆ ఫుట్‌నోటు చాలదూ?"

"జాలి కాదు సార్. ప్రోగ్రాము అతనిది. మొన్న బుధవారం కూడా అతనే సరిచేశాడు. పని చేస్తున్న మనిషిని కింద రాయలేను సార్."

"నేను వద్దంటే?"

"వద్దంటే పేపరు వెనక్కి తీసుకుంటాను సార్. ఎవరి పేరు ఎలా మాయమవుతుందో రాసిన పేపరులో మనమే ఒకరి పేరు మాయం చేస్తే, చదివి నవ్వుతారు."

"నీ ఇష్టం. వచ్చే ఏడు సంగతి తరవాత చూద్దాం" అని ఆయన పెట్టేశాడు. ఆ 'తరవాత చూద్దాం' అన్న మాటలో ఏముందో ఉషకి తెలుసు. ప్రోగ్రాముకి పెట్టిన పేరు చెరిపేసింది. పైన మొదటి వరసలో సునీల్ అని కొట్టింది, పక్కన యూనివర్సిటీ పేరు రాసేచోట ఉద్దానం అని కొట్టింది. పంపించు అనే చోట నొక్కి, కరెంటు పోకుండా ఉండాలని తనకి తెలిసిన దేవుళ్లందరికీ మొక్కింది. పోలేదు. పేపరు వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే తల్లిని వెంటబెట్టుకుని సుభద్ర ఇంటికెళ్లి, "పెద్దమ్మా, అన్న పేరు దానికి పెట్టలేదు. పనిచేసినవాళ్లలో రాశాను" అంది. సుభద్రకి తేడా అర్థం కాలేదు గానీ, నీలమ్మ పక్క నుంచి, "ఆఁ, పడవలోకెక్కించినావా? అయితే తప్పు నేదప్పా, భయం నేదు" అని తీర్పు చెప్పింది. సునీల్ మాత్రం, ఉష పలాసలో అచ్చుతీసి తెచ్చిన కాగితం మీద తన పేరున్న చోట వేలు పెట్టి, తీయకుండా చాలాసేపు పడుకున్నాడు.

జనవరి వచ్చింది. హైదరాబాదులో పెద్ద హోటలు, చల్లటి గాలి యంత్రాలు, మెత్తటి తివాచీలు. ఎవరు నడిచినా చప్పుడు కాదు. అన్ని దేశాలవాళ్లూ ఉన్నారు. తెర మీద గీతలు లేస్తున్నాయి, పడుతున్నాయి. అందరి మాటా ఒక్కటే, కుప్పలకొద్దీ రాతలు, ఇంకా పెద్ద కుప్పలు. ఉషకి అంతా నీళ్లడుగున జరుగుతున్నట్టు ఉంది. తన పేపరుని గోడకి అతికించి పక్కన నిలబడింది. జనం వస్తున్నారు, ఒక చిరునవ్వు నవ్వి పోతున్నారు. గైడుగారు దూరం నుంచే చూసి పక్కకి తిరిగారు. మధ్యాహ్నం దాటింది. సునీల్‌కి ఏమని చెప్పాలి? అందరూ బాగుందన్నారు అని అబద్ధం చెప్పాలా? ఆమెకి దిగులు పుట్టుకొచ్చింది.

అప్పుడు కలకత్తా నుంచి వచ్చిన ఒక ముసలి ప్రొఫెసరు, మెడ చుట్టూ మఫ్లరు, చేతిలో టీ కప్పు, వచ్చి గోడ ముందు ఆగాడు. చదివాడు. మళ్లీ చదివాడు. టీ చల్లారిపోయింది. ఒక గీత మీద వేలుపెట్టి, "ఇది తప్పు" అన్నాడు ఇంగ్లీషులో. "ఒకే పేరున్న ఇద్దర్ని మీ ప్రోగ్రాము ఒక్కరనుకుంటోంది. మా బెంగాల్లో సగంమంది పేర్లు ఒకటే. ఇది రాసిందెవరు?"

"సునీల్, సార్."

"ఎక్కడ అతను? పిలువు."

సునీల్ ఎవరు అని కాదు, ఏమయ్యాడు అని కాదు, ఎక్కడ అని అడిగాడు. "ఇంట్లో ఉన్నాడు సార్. పలాస దగ్గర."

"అయితే ఫోన్ లేదా అతనికి?"

ఉంది. ఉష నంబరు కలిపి, రెండు ముక్కలు చెప్పి, ఫోన్ ఆయన చేతికిచ్చింది. ఆ తరవాత ఆమె చేతుల్లో ఏమీ లేదు. ఆ పెద్దాయన తివాచీ మీద అటూ ఇటూ నడుస్తూ, "నో, నో, నో" అని ఒకటే కేకలు. కాసేపు వింటాడు, టీ కప్పు పక్కవాడి చేతిలో పెట్టేసి, మళ్లీ కేకలు. మఫ్లరు జారి కిందపడినా తీసుకోలేదు. చుట్టూ నలుగురు చేరారు, తరవాత పదిమంది. చివరికి చెమటలు తుడుచుకుంటూ ఫోన్ ఉష చేతిలో పెట్టి, "మొండివాడు. రేపు పొద్దున్న మళ్లీ చేస్తానని చెప్పాను. తప్పని నిరూపించి తీరతాను" అని చరచరా వెళ్లిపోయాడు.

ఉష భయంభయంగా ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. అటువైపు సుభద్ర ఉంది.

"ఉషమ్మా, ఎవులమ్మా ఆ పెద్దాయన? మావోడి మీద కేకలేసినాడు!"

"పెద్దమ్మా, తప్పుగా అనుకోకండి. ఆయన మనసులో ఏమీ ఉండదు. ఇక్కడ వాదనలు అలాగే ఉంటాయి. అన్నకి ఆయాసం రాలేదు కదా?"

"ఈడు మాత్రం తక్కువ తిన్నాడేటి! మంచం మీంచి లేసిపోయి తోటంతా తిరుగుతా అరిసినాడు. కాయలు దింపుతున్నోల్లు సెట్ల మీంచి సూత్తన్నారు. నాకు ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు." ముక్కు చీదిన చప్పుడు. "మా ఇంటికొచ్చినోల్లందరూ ఎలగున్నావు బాబూ అని మెల్లగా అడిగేసి, మెల్లగా ఎల్లిపోతారమ్మా. ఆడితో దెబ్బలాడినోడు ఇన్నాల్లూ ఒక్కడూ నేడు. రేపు కూడా సేత్తానన్నాడట గదా ఆయన?"

"అన్నారు పెద్దమ్మా. వద్దంటే చెప్పేస్తాను."

"వొద్దనీకే తల్లీ! తప్పకండా సేయమని సెప్పు. ఈ రోజు కన్నా గట్టిగా దెబ్బలాడమను."